చాప కింద తల

చాంద్రమాన ఐదో నెల మూడో తేదీ తెల్లవారేసరికి ఆకాశం నిలకడగా లేదు. తూర్పున కాస్త తెల్లబడిందనుకునేలోపు దక్షిణం నుంచి నల్లమబ్బు తోసుకొచ్చి మూసేసింది. నాలుగు చినుకులు రాల్చి అదీ పోయింది. దాని వెనక ఇంకోటి. మధ్యలో ఎండ చేపల చెరువుల మీద ఒక్కసారి మెరిసి ఆరిపోయేది. కురిసేదేదో కురిసి పోతే బాగుండుననిపించింది.

నేను రేవు మెట్ల మీద కూర్చుని నీళ్ళు చూస్తున్నాను. కింది నుంచి ఆరో మెట్టుకి ఒక పగులుంది. నీరు ఆ పగులు దాటితే హాయ్‌చుంగ్ కాలువ నోట్లో మా పడవ తేలుతుంది. దాటకపోతే ఇసుక మేట మీద కూర్చుంటుంది. ఆ రోజు పోటు మధ్యాహ్నానికి నిండుగా వస్తుంది, ఒంటిగంటన్నరకి పగులు మళ్ళీ బయటపడుతుంది. ఈలోపు పడవ హాయ్‌చుంగ్ లోపలికి వెళ్ళాలి. నాకు ఆ రోజుకున్న పని అదొక్కటే.

ఏటా మూడో తేదీన మా డాయ్‌గే ఊరి డ్రాగన్ పడవ హాయ్‌చుంగ్ వెళ్తుంది. ఆ ఊళ్ళో తొమ్మిది ఇళ్ళు. వాళ్ళ పడవా, మా పడవా ఒకే కర్రతో, ఒకే వడ్రంగి చేతి మీద తయారయ్యాయి. వాళ్ళది నలభై రోజులు ముందు నీళ్ళలో దిగింది కాబట్టి అది అన్న, మాది తమ్ముడు. ఆ లెక్కన ఆ ఊరి పెద్దలందరూ మాకు పెదనాన్నలు. ఇప్పుడక్కడ తెడ్డు పట్టగలిగిన మగాళ్ళు పన్నెండుమందే. అరవైమంది కావాల్సిన పడవ, నాలుగేళ్ళుగా కాలువ అడుగున బురదలోనే ఉంది. మా పడవలు మామూలుగా కూడా ఏడాదంతా బురదలోనే ఉంటాయి, పండక్కి పైకి తీస్తాం. గాలి తగిలితే ఆ కర్ర పగులుతుంది, బురదలో అయితే వందేళ్ళుంటుంది. వాళ్ళది పండక్కి కూడా పైకి రాక నాలుగేళ్ళు.

పడవల పోటీ అసలు ఐదో తేదీన జరగాలి. పై నుంచి వరద దిగుతోందని కబురొచ్చి, పోటీ జరిపే బజారూరి పెద్దలు దాన్ని మూడో తేదీకి జరిపారు.

బింగ్ మెట్లు దిగి వచ్చాడు. ఆ ఏడు పడవ పెద్ద అతనే. నాకన్నా పద్దెనిమిదేళ్ళు చిన్న. చేపల చెరువులు చూసుకుంటాడు, ఏ పని పట్టినా వదలడు. తొమ్మిదేళ్ళుగా మేం పోటీకి వెళ్ళడం, నాలుగోవాళ్ళుగానో ఐదోవాళ్ళుగానో రావడం. ఈసారి గెలవాలని బింగ్ పోయిన పండగ మర్నాటి నుంచే మొదలెట్టాడు.

"ఏంటి సుయ్ అన్నా, నీళ్ళకి కాపలా కాస్తున్నావా? ఎవరూ ఎత్తుకుపోరులే."

"హాయ్‌చుంగ్ సంగతి ఏం చేశావు?"

"పోటీ అయ్యాక వెళ్దాం."

"పోటీ పదిన్నరకి. పన్నెండుకి అక్కణ్ణుంచి కదిలితేనే పోటు అందుతుంది."

"పదకొండుకల్లా అయిపోతుంది. గంట ప్రయాణం. బోలెడు టైముంది."

"అందకపోతే?"

"అందకపోతే ఇంకో రోజు వెళ్దాం. అన్నదమ్ముల మధ్య కూడా ఇన్ని పట్టింపులేంటి అన్నా? ఇన్నాళ్ళూ మనం ఓడిందే ఇందుకు. ఆ గుడి దగ్గర ఆగు, ఈ రేవులో టీ తాగు, ఆ ముసలాయనకి దణ్ణం పెట్టు. గెలిచినవాళ్ళెవరూ ఇవన్నీ చూస్తూ కూర్చోలేదు."

అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. దారిలో ఆగడాలు మాన్పించాడు. పూజ సగానికి కుదించాడు. మా పడవకి నిజంగానే వేగం పెరిగింది.

"నువ్వు కూడా పడవెక్కడం దేనికన్నా? పడవలోకి నీళ్ళే రావడం లేదుగా నువ్వు తోడ్డానికి."

"రాకుండా సందులు పూడ్చింది నేనే. పూడ్చినవి ఊడితే చూసుకోవాల్సిందీ నేనే."

నవ్వాడు. "సరే, ఎక్కు. నువ్వేమంత బరువు, కొంగలా ఉంటావు."

అని మెట్లెక్కి పెద్దల గుడివైపు వెళ్ళాడు. వెనకే నేనూ వెళ్ళాను. గుడి ముందు బల్ల మీద రెండు డ్రాగన్ తలలున్నాయి. ఒకటి పాతది, కర్పూరం చెట్టు కర్రది, అరవై జిన్‌ల బరువు. బడికెళ్ళే పిల్లని ఎత్తుకున్నట్టుంటుంది. రెండోది బింగ్ కొత్తగా చేయించింది. లోపల డొల్ల. ఒక చేత్తో ఎత్తొచ్చు. బింగ్ కొత్తదాన్ని ఒక చేత్తో ఎత్తాడు.

"హాయ్‌చుంగ్‌కి దీన్ని తీసుకెళ్తావా?" అన్నాను.

"తలే కదా. కొమ్ములున్నాయి, గడ్డముంది, కళ్ళున్నాయి."

"ఏటా వాళ్ళు మెడకి ఎర్రగుడ్డ కట్టేది పాతదానికి."

"దీనికీ మెడ ఉందిగా, కడతారు." అక్కడున్న తెడ్లవాళ్ళు నవ్వారు. బింగ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "అన్నా, అరవై జిన్‌లంటే సగం మనిషి. పోటీలో సగం మనిషిని ఊరికే కూర్చోబెట్టుకుని మోస్తామా?"

కొత్త తలని ముక్కుకి బిగించడానికి వాళ్ళు పడవవైపు వెళ్ళారు.

వారం కిందట హాయ్‌చుంగ్ నుంచి ఎర్రకాగితం మీద పిలుపు వచ్చింది. తెచ్చింది కిట్. ఆ ఊరి పెద్ద యావ్ పెదనాన్నకి అన్న మనవడు, ముప్పై ఏళ్ళవాడు, ఊళ్ళో మిగిలిన వయసువాళ్ళలో మాట చెల్లేవాడు. పిలుపు బింగ్ చేతికిచ్చి, పోతూ పోతూ నా దగ్గర ఆగాడు.

"సుయ్ బాబాయ్, ఒక సంగతి. కర్ర వ్యాపారి ఒకడు వస్తున్నాడు మా ఊరికి. పాత పడవ కర్ర కొని బల్లలూ కుర్చీలూ చేయిస్తాడట. పదో తేదీన వస్తానన్నాడు."

"మీ తాత ఏమన్నాడు?"

"మూడో తేదీన తమ్ముడొస్తాడు, వచ్చి వెళ్ళాక మాట్లాడదామన్నాడు. వస్తే, నేనిక వ్యాపారి ఊసెత్తను. రాకపోతే ఇంక ఎవరికోసం బాబాయ్ బురదలో ఉంచడం? చూసేవాడు లేని అన్న ఉంటేనేం పోతేనేం?"

"వస్తాం," అన్నాను నేను. పడవ పెద్దను కాను, ఆ మాట ఇచ్చే హక్కు నాకు లేదు. అయినా అన్నాను. బింగ్‌కి వ్యాపారి సంగతి చెబితే, "అప్పటికి చూద్దాంలే, ముందు పోటీ," అన్నాడు.

ఇంటికెళ్ళి మా ఆవిడ లాన్‌ని పిలిచాను.

"ఒక చెయ్యి వెయ్యి."

"దేనికి?"

"తల మోయాలి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.  బట్టల బుట్ట పట్టుకుని నాతో గుడికొచ్చి, వాళ్ళు తిరిగొచ్చేలోపు దాంట్లో పాత తల పెట్టి, మీద ఒక దుప్పటి కప్పింది. కొమ్ములు బయటికి పొడుచుకొచ్చాయి. వాటి మీద నా చొక్కా ఆరేసినట్టు వేసింది. చెరో పక్కా పట్టుకుని వెనక దారిన రేవుకి నడిచాం.

"ఓడిపోతే?" అంది సగం దారిలో.

"ఏమో."

"ఏమో ఏంటి? అరవైమంది ఏడాదిగా చెమటోడ్చారు. బింగ్ పెళ్ళాం నెలలు నిండిన మనిషి, ఆవిణ్ణి కూడా వదిలేసి తిరిగాడు వాడు. ఈ తల బరువుకి మూరెడు వెనకబడితే, వాడి మొహం ఎలా చూస్తావు?"

"వద్దంటావా?"

ఆవిడ బుట్ట దింపింది. చెయ్యి మార్చుకుంది. మళ్ళీ ఎత్తింది.

"వద్దననలేదు. ఎలా చూస్తావని అడిగాను."

పడవ దగ్గర ఎవరూ లేరు. అందరూ కొత్త తల బిగించేసి, గంజి తాగడానికి గుడికి తిరిగెళ్ళారు. నీళ్ళు తోడేవాడి చోటు పడవ నడుములో ఉంటుంది, రెండు అడ్డపట్టెల మధ్య. తలని అక్కడ పడుకోబెట్టి, చాప కప్పి, చాప మీద నేను కూర్చున్నాను. మధ్యాహ్నం వరకూ మళ్ళీ లేవలేదు.

బజారూరి రేవు జనంతో నిండిపోయింది. వంతెన మీద, మిద్దెల మీద, లాంచీల మీద గొడుగులే గొడుగులు. పదకొండు పడవలొచ్చాయి. పదిన్నరకి మొదలవ్వాల్సింది పదకొండుకి మొదలైంది, ఎవరో పెద్దమనిషి రావాలని. నేను నీళ్ళవైపు చూశాను. ఇక్కడ నా మెట్టు లేదు. రేవు కొయ్య మీద ముత్యపు చిప్పలు పట్టిన ఒక తెల్లటి పట్టీ ఉంది. దాన్నే గుర్తు పెట్టుకున్నాను. నీరు దాని కింది అంచుని తాకుతోంది, ఇంకా ఎక్కుతోంది.

పోటీ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. డోలు మోగింది. అరవై తెడ్లు ఒక్కటిగా పడ్డాయి. నేను వంగి అడుగు చూసుకుంటున్నాను. ఒక్క సందు నుంచీ చుక్క రాలేదు. ప్రతి తెడ్డు వేటుకీ చాప కింద తల నా కాలి మడమకి కొట్టుకునేది. టక్, టక్. అది అరవైమందికీ వినిపిస్తోందనిపించేది నాకు. సగం దూరం దాటాక పక్కన పచ్చజెండా పడవ వచ్చింది. వాళ్ళ చుక్కానివాడి పళ్ళు కనిపించేంత దగ్గరగా. కాసేపు వాళ్ళు ముందు, కాసేపు మేం ముందు. బింగ్ డోలు దగ్గర నిలబడి నోరు పగిలేలా అరుస్తున్నాడు. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను, అలా కూర్చుంటే ఏదో బరువు తగ్గుతుందన్నట్టు. నేను దేవుడికి మొక్కుకున్నది ఆ ఒక్కసారే. ఎవరికి మొక్కానో కూడా తెలీదు.

రెండు మూరల తేడాతో గెలిచాం.

అరుపులు, ఏడుపులు. చుక్కాని పట్టే ఫాట్, ఆ లావు మనిషి, చుక్కాని వదిలేసి నీళ్ళలోకి దూకాడు. బింగ్ డోలు మీద తలవాల్చి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఎందుకేడ్చానో అందరూ ఒకటనుకున్నారు. నా కారణం ఇంకోటి కూడా ఉంది.

అప్పటికి పదకొండు దాటి ఇరవై నిమిషాలు. నీరు తెల్లపట్టీ మధ్యకొచ్చింది.

"వెళ్దామా?" అన్నాను బింగ్‌తో.

"బహుమతి తీసుకోవద్దా అన్నా? పది నిమిషాలు."

పది నిమిషాలు కాలేదు. ముందు రెండోవాళ్ళకీ మూడోవాళ్ళకీ ఇచ్చారు. తర్వాత ఒకాయన మైకులో మాట్లాడాడు. తర్వాత ఇంకొకాయన. నది గొప్పదనం గురించి, ఐకమత్యం గురించి. చినుకులు పడితే గొడుగు పట్టించుకుని మాట్లాడాడు. నీరు పట్టీ పై అంచు తాకింది. అక్కడే కాసేపు ఆగింది. పోటు నిండినప్పుడు నీరు ఎటూ కదలదు, కొయ్య పక్కన తేలే చెత్త కూడా ఒక్కచోటే తిరుగుతుంటుంది. నేను ఆ చెత్తని చూస్తున్నాను. ఒక అరటి ఆకు ముక్క. అది మెల్లగా తిరిగి సముద్రంవైపు కదిలింది.

"బింగ్, పాటు మొదలైంది, నీరు వెనక్కి తీస్తోంది."

"ఎక్కడ? చూడు, రేవు నిండా నీళ్ళే."

"ఇక్కడ లోతు. ఇక్కడ తెలీదు. కాలువ నోట్లో మేట ఉంది."

"ఫొటో ఒక్కటన్నా. అందరూ ఉండాలి దాంట్లో. నువ్వూ రా."

ఫొటో తీసేవాడు మమ్మల్ని మూడు వరసల్లో నిలబెట్టాడు. పొట్టివాళ్ళు ముందుకన్నాడు. ఎండ రావాలన్నాడు. ఎండ వచ్చింది, పోయింది. వచ్చినప్పుడు ఫాట్ కళ్ళు మూశాడని మళ్ళీ తీశాడు. ఆ ఫొటో ఇప్పటికీ మా పెద్దల గుడిలో ఉంది. అందరూ కెమెరా వైపు చూస్తుంటారు, నేను పక్కకి చూస్తుంటాను.

నిలువునా కాల్చిన పందిని ఎర్రకాగితం అంటించి పడవలో పెట్టారు. మేం కదిలేసరికి ఒంటిగంటా పది.

"వేద్దాం రా, గట్టిగా వేద్దాం," అన్నాడు బింగ్. వాళ్ళు వేశారు. కానీ పొద్దుట పోటీలో వేసిన చేతులవి. పైగా ఇప్పుడు నీరు ఎదురు. పాటలు పాడుతూ మొదలుపెట్టినవాళ్ళు సగం దారికి మానేశారు. వాన మళ్ళీ పట్టుకుంది. గట్టు పక్కన బురద కనబడడం మొదలైంది, ముందు వేలెడు, తర్వాత జానెడు. పీతలు బయటికొచ్చి పరుగులు పెడుతున్నాయి. నేను వాటిని చూడకూడదనుకుంటూ చూస్తున్నాను.

రెండూ ఇరవైకి కాలువ నోటి దగ్గరికి చేరాం. ముక్కు లోపలికి తిప్పగానే పడవ అడుగు మేటని రాసుకుంది. చెవికి కాదు, ముందు కాళ్ళకి తెలుస్తుంది అది. ఇంకో రెండు తెడ్లు వేశారు. పడవ కూర్చుండిపోయింది.

ముందువాళ్ళు తెడ్లు గుచ్చి చూశారు, జానెడు నీరు.

"సరే," అన్నాడు బింగ్ చివరికి. "మన ప్రయత్నం మనం చేశాం. వెనక్కి తోద్దాం. రేపు నేనే మోటార్‌సైకిల్ మీద వచ్చి, పంది తొడ ఒకటి ఇచ్చి, క్షమించమని చెప్పి వెళ్తాను. ఊళ్ళో ఆడాళ్ళు ఎదురు చూస్తుంటారు."

"ఇక్కడా ఎదురు చూస్తుంటారు," అన్నాను.

"పడవ లోపలికి పోదు కదన్నా. రెక్కలు కట్టమంటావా?"

నేను లేచాను. ఫొటోకి తప్ప పొద్దుట నుంచి ఒక్కచోటే కూర్చుని కాళ్ళు కొయ్యబారిపోయాయి. చాప తీశాను. తలని ఎత్తి అడ్డపట్టె మీద పెట్టాను. దాని గడ్డం ఒక పక్కకి అణిగిపోయింది. నా మడమలకి తగిలి ఒక కంటి రంగు కాస్త లేచింది.

"ఏంటది?" అన్నాడు బింగ్.

"తల."

"కనిపిస్తోంది. ఎప్పుడెక్కింది ఇది?"

"పొద్దున్నే."

"అంటే... పోటీలో?"

"పోటీలో కూడా ఉంది."

 తెడ్లవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బింగ్ అడ్డపట్టెలు దాటుకుంటూ నా దగ్గరికొచ్చాడు. కొడతాడనుకున్నాను.

"రెండు మూరలు, సుయ్ అన్నా. రెండు మూరల్లో గెలిచాం. ఓడిపోయుంటే?"

"ఓడిపోయుండేవాళ్ళం."

"అంతేనా? అంత తేలిగ్గా అనేస్తావా?"

"తేలిగ్గా ఏం లేదు. పొద్దుట నుంచి నా ప్రాణం నా దగ్గర లేదు."

"ఓడితే నీవల్లేనని ఊళ్ళో చెప్పేవాడివా?"

ఆలోచించాను. "చెప్పేవాణ్ణని ఇప్పుడనిపిస్తోంది. నిజంగా ఏం చేసేవాణ్ణో నాకూ తెలీదు."

బింగ్ తెడ్లవైపు చెయ్యి చూపించాడు. "మనుషుల్ని తూచి కూర్చోబెట్టాను. తెడ్లు గీకించాను. మీ అందరికీ రాత్రి తిండి తగ్గించాను. నువ్వు నా వెనక ఈ పని చేశావు."

"చేశాను. తప్పే. కానీ ఒక మాట విను. చిన్నవి పట్టించుకోకూడదంటావు. తెడ్డు మీద గోరంత చెక్క ఎక్కువుంటే నువ్వు వదిలావా? నీ అంతగా చిన్నవి పట్టించుకున్నవాణ్ణి నేను చూళ్ళేదు. అందుకే గెలిచాం కూడా. కాకపోతే ఏది చిన్నదో ఏది పెద్దదో నువ్వొక్కడివే తేల్చేశావు. ఆ కాలువలో ఉన్నవాళ్ళని అడగలేదు."

"నువ్వు మాత్రం అడిగావా, తలని ఎక్కించేటప్పుడు? ఈ అరవైమందినీ?"

"లేదు."

అణిగిపోయిన గడ్డాన్ని సరిచేశాను. 

వాన సన్నబడింది. నేను ఇంకో సంగతి చెప్పాను, అక్కడున్నవాళ్ళలో సగంమందికి అది తెలియదని ఆ క్షణంలోనే తట్టింది. పాత ఆచారాలేవీ మిగలకూడదని పైవాళ్ళు పడవలు పగలగొట్టి పొయ్యిలో పెట్టిన ఏళ్ళలో బింగ్ పసివాడు. మా పడవ కోసం మనుషులు వస్తున్నారని తెలిసి, యావ్ పెదనాన్న ముందురోజే తన ఊరివాళ్ళతో వచ్చి దాన్ని తోసుకుపోయి, హాయ్‌చుంగ్ కాలువలో తన పడవ పక్కనే బురదలో పూడ్చాడు. పైన కలువ దుంపలు నాటాడు. వాళ్ళొచ్చి అడిగితే పడవల్లేవన్నాడు. ఎండలో నిలబెట్టారు, లేవన్నాడు. పన్నెండేళ్ళు మా పడవ అక్కడే ఉంది. తిరిగి తీసేటప్పుడు సాయం వెళ్ళింది నేను. ఏ మట్టి మంచిదో, ఎంత లోతులో ఉంచాలో, సందుల్లో నార ఎలా కూరాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

"ఇవాళ గెలిచింది ఆ పడవే," అన్నాను. "వ్యాపారి వచ్చేది దీని అన్న కోసం."

తలని భుజానికెత్తుకుని పడవ దిగాను. మోకాళ్ళ దాకా దిగబడ్డాను. నాలుగడుగులు వేసేసరికి వెనక ఒకడు దిగిన చప్పుడైంది. తర్వాత ఇంకొకడు. ఎంతమందో తిరిగి చూడలేదు. గట్టు ఎక్కాక ఒకతను నా పక్కకొచ్చి కొమ్ముల వైపు పట్టుకున్నాడు. బింగ్ గొంతు మాత్రం వినిపించలేదు.

గట్టు మీద ఊరు పావుగంట నడక. వంపు తిరగ్గానే గొడుగుగుడ్డ పందిరి కనబడింది, దాని కింద పది గుండ్రటి బల్లలు. అరవైమందికి గిన్నెలు బోర్లించి పెట్టారు. వెదురుగడకి కట్టిన టపాకాయల దండ తడిసి కిందకి వేలాడుతోంది. రేవు దగ్గర తొమ్మిది ఇళ్ళవాళ్ళూ నిలబడి కాలువవైపు చూస్తున్నారు. మేం గట్టు మీంచి వస్తున్నామని ముందు చూసింది ఒక ఆడమనిషి. "నడిచొస్తున్నారు!" అంది, ఎవరో చచ్చిపోయారన్నట్టు.

యావ్ పెదనాన్న ముక్కాలిపీట మీంచి లేచాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు. శుభ్రంగా ఉతికిన నీలం చొక్కా మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. కిట్ ఆయన వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పడవేదిరా?"

"నోటి దగ్గర కూర్చుండిపోయింది పెదనాన్నా."

"పోటు ఎప్పుడు దిగింది?"

"ఒంటిగంటన్నరకి."

"మీరెప్పుడొచ్చారు?"

"రెండూ ఇరవైకి."

"ఊఁ. నీకు నేర్పింది నేనే," అన్నాడు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

తలని బల్ల మీద పెట్టాం. ఆయన దగ్గరికొచ్చి, ఆ ఉతికిన చొక్కా చేత్తో దాని కంటి మీది బురద తుడిచాడు. రంగు లేచిన చోట వేలు ఆపాడు. పంపరపనస ఆకులు నీళ్ళలో ముంచి దాని మీద చల్లాడు. ఎర్రగుడ్డ జేబులోంచి తీశాడు గానీ కట్టలేదు. చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"మీ పెద్ద ఏడీ?"

నేను గట్టువైపు చూశాను. ఒకరూ ఇద్దరూ ఇంకా వస్తూనే ఉన్నారు. ఆఖరున, వంపు దగ్గర, ఇద్దరు మనుషులు వెదురుగడ భుజాల మీద వేసుకుని వస్తున్నారు. మధ్యలో పంది. ముందు భుజం బింగ్‌ది. ఎక్కడో జారిపడ్డట్టున్నాడు, ఒక పక్కంతా బురద. పందిని యావ్ పెదనాన్న ముందు దించి, ఒంగి దణ్ణం పెట్టాడు. చొక్కా మీది బురద చేత్తో తుడిచాడు. రాలేదు.

"పోటీ ఏమైంది?" అన్నాడు పెదనాన్న.

"గెలిచాం."

"ఎంతలో?"

"రెండు మూరల్లో."

పెదనాన్న పాత తలవైపు చూశాడు, బింగ్ వైపు చూశాడు. "దీన్ని పెట్టుకునే గెలిచారా?"

నేను నేలవైపు చూశాను. కొత్త తల ఇంకా పడవ ముక్కునే ఉంది. అది ఇక్కడెవరికీ కనబడదు.

"ఇది పడవలోనే ఉంది పెదనాన్నా," అన్నాడు బింగ్. ఒక క్షణం ఆగాడు. "ముక్కున కాదు. ముక్కున నేను కొత్తది పెట్టాను, బరువని. దీన్ని సుయ్ అన్న నాకు తెలీకుండా చాప కింద దాచి తెచ్చాడు. బరువుతోనే గెలిచాం. నాకు ఇందాకే తెలిసింది."

ఎవరో తెడ్లవాడు నవ్వబోయి ఆపుకున్నాడు. పెదనాన్న నావైపు చూడలేదు. ఎర్రగుడ్డని రెండుసార్లు విదిలించి, తల మెడ చుట్టూ కట్టాడు. ముడి బిగించడానికి వేళ్ళు సహకరించలేదు. బింగ్ ముందుకొచ్చి ఒక కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి బిగించారు.

అప్పటిదాకా చేతులు కట్టుకుని ఉన్న కిట్ వెనక్కి తిరిగి గుడిలోకి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు వాళ్ళ పడవ తలని రెండు చేతులతో గుండెకి ఆనించి మోసుకొస్తున్నాడు. నాలుగేళ్ళ దుమ్ము ఉంది దాని మీద. దాన్ని మా తలకి ఎదురుగా, ముక్కుకి ముక్కు తగిలేలా బల్ల మీద పెట్టాడు. తన చొక్కా కొసతో దుమ్ము తుడిచాడు. వ్యాపారి గురించి ఎవరూ ఏమీ అడగలేదు, అతనూ చెప్పలేదు.

"కూర్చోండి," అన్నాడు పెదనాన్న.

అప్పుడు తెలిసింది, పొద్దుట నుంచి ఆ తొమ్మిది ఇళ్ళలో ఎవరూ మెతుకు ముట్టలేదని. మేం రాకుండా వాళ్ళు తినరు. పిల్లలకి కూడా బిస్కెట్లే ఇచ్చి ఊరుకోబెట్టారు. అన్నం పెద్ద మూకుళ్ళలో ఉంది, పంది మాంసం ముక్కలూ, చిక్కుళ్ళూ, ఎండురొయ్యలూ వేసి కలిపింది. మధ్యాహ్నం పన్నెండుకి వండింది. రెండుసార్లు వేడి చేసినట్టున్నారు, అడుగు మాడి గట్టిపడింది. పడవ దగ్గర ఆగిపోయిన ఫాట్‌కీ ఇంకో నలుగురికీ మూతగిన్నెలో కట్టి పంపించారు.

ఈ అన్నం తినేటప్పుడు మావాళ్ళు మామూలుగా ఒకటే గోల. గిన్నెలు కొట్టడం, ఒకర్నొకరు ఏడిపించడం, ఇంకో గిన్నె ఇంకో గిన్నె అని అరవడం. ఆ రోజు నడిచొచ్చిన మేమూ, ఆ ఊరివాళ్ళూ కలగలిసి కూర్చున్నాం. బింగ్ పెదనాన్నకి ఎడంపక్కన, నేను ఎదురుగా. కిట్ పందిని కోసి ప్రతి బల్లకీ పెట్టాడు. వానకి తడిసి దాని చర్మంలో కరకర పోయింది, మెత్తగా సాగుతోంది. దాన్ని కొరకడానికి అందరికీ సమయం పడుతోంది. పందిరి గుడ్డ మీద చినుకులు ఆగి ఆగి పడుతున్నాయి. పెదనాన్న తన గిన్నెలోంచి ఒక మాడు ముక్క తీసి బింగ్ గిన్నెలో వేశాడు. బింగ్ దాన్ని మెల్లగా నమిలాడు. ఎవరూ గిన్నెలు కొట్టలేదు. తిన్నాం.